టీమ్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టే ముందు

ప్రశ్న: వరంగల్‌లో బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం చదువుతున్నాను. వయసు 19. బీజీఎంఐ (బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే మొబైల్ షూటింగ్ ఆటలో వరుసగా రెండు సీజన్లు కాంకరర్ (అన్నిటికంటే పై ర్యాంకు) కొట్టాను. మా అన్నయ్య హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాడు. రాత్రిళ్లు కూర్చుని ప్రాజెక్టు నిలబెట్టింది అన్నయ్య, ప్రమోషన్ మాత్రం మేనేజర్‌కు దగ్గరివాడికి వచ్చింది. ఆఫీసుల్లో న్యాయం ఉండదనిపిస్తోంది. ఆటలో అలా కాదు. ఏ ఊరివాడైనా, ఏ కాలేజీవాడైనా స్కోర్‌బోర్డు ముందు ఒకటే. ఇప్పుడు ఒక టీమ్ ఏడాది కాంట్రాక్టు పంపింది. నెలకు 15 వేలు, బూట్‌క్యాంప్‌లో (టీమంతా కలిసి ఉండి సాధన చేసే చోట) భోజనం, వసతి. వారంలో సంతకం పెట్టమంటున్నారు. కాలేజీ ఆపేసి వెళ్లాలని ఉంది. నాన్న ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?

జవాబు: కష్టపడినవాడికి ఫలితం దక్కాలన్న మీ పట్టుదల మంచిది, దాన్ని వదులుకోవద్దు. అయితే ఆఫీసులో న్యాయం లేదు, ఆటలో ఉంది అన్న లెక్క సగమే నిజం. స్కోర్‌బోర్డు న్యాయం చేసేది టీమ్‌ల మధ్య. టీమ్ లోపల ఎవరు ఆడతారు, ఎవరు బెంచ్ మీద కూర్చుంటారు, ఎవరికి ఎంత అనేది కోచ్, యజమాని, కాంట్రాక్టు తేలుస్తాయి. అంటే టీమ్ కూడా ఒక ఆఫీసే. మీ అన్నయ్య ఆఫీసులో హెచ్‌ఆర్ విభాగమైనా ఉంటుంది. చాలా టీమ్‌లలో అది కూడా ఉండదు.

మీకు బాగా తెలిసిన పాయింట్ల పట్టికనే చూడండి. పెద్ద టోర్నమెంట్లలో మ్యాచ్ గెలిచిన టీమ్‌కి 10 పాయింట్లు, రెండో స్థానానికి 6, ఒక్కో ఫినిష్‌కి (ప్రత్యర్థిని ఆట నుంచి తప్పించినందుకు) 1. సరైన సమయంలో స్మోక్ (పొగబాంబు) వేసి, పడిపోయిన తోటివాడిని లేపినవాడికి, జోన్ (కుంచించుకుపోయే ఆట వలయం) చదివి ఎటు కదలాలో చెప్పిన ఐజీఎల్‌కి (మ్యాచ్‌లో జట్టును నడిపించేవాడికి) విడిగా పాయింటు ఉండదు. ఏ ఫినిష్‌లూ లేకుండా మ్యాచ్‌ని గెలిపించిన ఆటగాడు గణాంకాల్లో కింద కనిపిస్తాడు, రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) మార్చేటప్పుడు ముందు అతని పేరే వస్తుంది. మీ అన్నయ్య చేసిన రాత్రి పనికి జరిగింది కూడా ఇదే. పని జరిగింది, కానీ లెక్కపెట్టే చోట కనబడలేదు.

పరికరాల తేడా కూడా ఉంది. 60 హెర్ట్జ్ తెర, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారే తెర మీద ఒక్కో ఫ్రేముకు (బొమ్మకు) 16.7 మిల్లీసెకన్లు పడితే, 120 హెర్ట్జ్ మీద 8.3 చాలు. స్టేజీ మీద అందరికీ ఒకే ఫోను, ఒకే నెట్‌వర్కు ఇచ్చినప్పుడు ఈ తేడా పోతుంది. అక్కడికి చేర్చే ఆన్‌లైన్ క్వాలిఫయర్లలో పోదు. ఇక కాంకరర్ ర్యాంకు మీ నైపుణ్యానికి, ఓపికకు రుజువే, కానీ టీమ్ మ్యాచ్‌కి రుజువు కాదు. అసలు పరీక్ష స్క్రిమ్స్‌లో (టీమ్‌ల మధ్య జరిగే సాధన మ్యాచ్‌లలో), అదీ పైస్థాయి టీమ్‌లు ఆడే లాబీలో. ఇప్పటిదాకా అక్కడ కనీసం 50 మ్యాచ్‌లు ఆడకపోతే, మీ స్థాయి మీకూ తెలియదు, మిమ్మల్ని పిలిచినవాళ్లకూ తెలియదు.

టీమ్ చేతిలో కూడా లేని సంగతి మరొకటి ఉంది. క్రికెట్‌కు యజమాని లేడు, బీజీఎంఐకి ఉన్నాడు. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను నిషేధించారు. 2021 జులైలో దాని స్థానంలో బీజీఎంఐ వచ్చింది. 2022 జులైలో దాన్నీ యాప్ స్టోర్ల నుంచి తీసేశారు, తిరిగి వచ్చేసరికి 2023 మే అయింది. ఆ పది నెలలూ ఆ ఒక్క ఆట మీదే బతుకుతున్నవాళ్లు దిక్కులు చూశారు. 2024 జూన్‌లో బీజీఐఎస్ (బీజీఎంఐ పెద్ద టోర్నమెంటు) ఫైనల్స్ హైదరాబాద్ హైటెక్స్‌లోనే జరిగాయి, ఆట మళ్లీ నిలబడింది. అయినా కాంట్రాక్టులో "ఆట నిలిచిపోతే జీతం ఏమవుతుంది?" అన్న ప్రశ్నకు ఒక వాక్యం ఉండి తీరాలి. చాలా వాటిలో ఉండదు. ఉన్నచోట, వెంటనే ఒప్పందం రద్దు అని ఉంటుంది. కనీసం రెండు నెలల జీతం ఇచ్చి రద్దు చేయాలని అడగండి.

కాంట్రాక్టును ఎలా చదవాలో చూద్దాం. మొదట జీతం. బూట్‌క్యాంప్‌లో రోజుకు 10 గంటల చొప్పున నెలకు 26 రోజులు ఆడితే 260 గంటలు. 15 వేలంటే గంటకు సుమారు 58 రూపాయలు. భోజనం, వసతి కలిపినా ఇది బతుకుదెరువు జీతం కాదు, ప్రైజ్ మనీ మీద ఆశతో చేసే పని. కాబట్టి ప్రైజ్ మనీ వాక్యమే ఈ కాంట్రాక్టుకు గుండెకాయ.

టీమ్‌కి 10 లక్షల బహుమతి వచ్చిందనుకోండి. పన్ను 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు కలిపి 31.2 శాతం కోస్తే 6,88,000 మిగులుతుంది. టీమ్ వాటా 20 శాతం, అది మిగిలిన దాని మీద అయితే 1,37,600 పోయి 5,50,400. నలుగురు ఆటగాళ్లు, ఒక సబ్‌స్టిట్యూట్ సమానంగా పంచుకుంటే తలా 1,10,080. అదే 20 శాతాన్ని మొత్తం 10 లక్షల మీద లెక్కగడితే తలా 97,600 మాత్రమే. "20 శాతం" అన్న మాట ఒకటే, దేనిమీద అన్నది రాయకపోతే మనిషికి పన్నెండు వేలకు పైగా తేడా. కోచ్ వాటా ఎవరి భాగం నుంచి వస్తుంది, సబ్‌స్టిట్యూట్‌కి సమాన వాటానా, డబ్బు టీమ్ ఖాతాలో పడిన ఎన్ని రోజుల్లో మీకు ఇస్తారు, ఈ మూడూ రాసి ఉండాలి. 30 రోజులు న్యాయమైన గడువు. "నిర్వాహకుల నుంచి అందిన తర్వాత వీలు చూసుకుని" అన్న రాత ఉంటే ఒప్పుకోవద్దు. ఇంకొకటి, టీడీఎస్ (బహుమతి ఇచ్చేవాళ్లు ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) ఎవరి పాన్ మీద జమ అవుతుందో అడగండి. టీమ్ పాన్ మీద పడితే ఆ పన్ను మీ పేరు మీది పన్ను రికార్డులో కనబడదు, మీకు ఇచ్చేటప్పుడు మళ్లీ ఇంకో కోత పడొచ్చు.

తర్వాత మీరు ఉద్యోగి అవుతారా, స్వతంత్ర కాంట్రాక్టర్ అవుతారా అన్నది. ఎక్కువ టీమ్‌లు రెండోదే రాస్తాయి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం ఉద్యోగికి నియామక పత్రం ఇవ్వాలి, నెల జీతం తర్వాతి నెల 7వ తేదీ లోపు పడాలి, మానేస్తే రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలి. స్వతంత్ర కాంట్రాక్టర్ అని రాసి సంతకం పెడితే ఈ రక్షణలు మీకు వర్తించవని వాళ్లు వాదిస్తారు. కనుక ఆ తేదీలను కాంట్రాక్టులోనే రాయించుకోండి.

బైఅవుట్ (ఒప్పందం మధ్యలో వదిలి వెళ్లడానికి కట్టే డబ్బు) వాక్యం దగ్గర ఆగి రెండుసార్లు చదవండి. "మధ్యలో వెళ్లిపోతే 5 లక్షలు కట్టాలి" లాంటిది ఉండొచ్చు. భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం అందులో రాసిన మొత్తం యథాతథంగా ఇప్పించరు, ఆ మొత్తానికి మించకుండా సముచితమైన పరిహారం ఎంతో కోర్టు తేలుస్తుంది. ఒప్పందం ముగిశాక ఆరు నెలలు వేరే టీమ్‌లో ఆడకూడదన్న షరతు 27వ సెక్షన్ కింద చెల్లదు. ఒప్పందం నడుస్తుండగా ఆడకూడదన్నది మాత్రం చెల్లుతుంది. 18 నిండాయి కాబట్టి మీ సంతకానికి విలువ ఉంది. ఈ సెక్షన్లు మీ పక్షాన ఉన్నా, వివాదం ముంబైలోనో ఢిల్లీలోనో ఆర్బిట్రేషన్‌కి (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకు) వెళ్లాలని రాసి ఉంటే ఖర్చులకే బెదిరిపోతారు. హైదరాబాద్ అనో, ఆన్‌లైన్ విచారణ అనో మార్పించండి. వాళ్లు మిమ్మల్ని తీసేయడానికి 7 రోజుల నోటీసు చాలు, మీరు మానడానికి 90 రోజులు కావాలి అని ఉంటే, రెండువైపులా 30 రోజులు చేయమనండి.

ఇలాంటి గొడవలు మన దేశానికే పరిమితం కాదు. 2019లో దక్షిణ కొరియాలో మైనర్ అయిన ఒక లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటగాడి బదిలీ ఒప్పందం పెద్ద వివాదమైంది. 2020లో అక్కడి ప్రభుత్వం ఆటగాళ్లకు ప్రామాణిక కాంట్రాక్టు నమూనాలు విడుదల చేసింది. అదే 2019లో అమెరికాలో ఫోర్ట్‌నైట్ ఆటగాడు ట్‌ఫ్యూ, బ్రాండ్ డీల్స్‌లో 80 శాతం దాకా క్లబ్బే తీసుకునేలా కాంట్రాక్టు ఉందని తన క్లబ్ ఫేజ్ క్లాన్ మీద దావా వేశాడు. పేరున్నవాడు కాబట్టి నిలబడగలిగాడు. మీ కాంట్రాక్టులో యూట్యూబ్ చానల్ ఎవరిది, ఒప్పందం ముగిశాక పాత వీడియోల ఆదాయం ఎవరిది అన్నది ఇప్పుడే తేల్చుకోండి. ఆట ఆగిపోయినా మీకు మిగిలేది ఆ చానలే.

స్పాన్సర్ల జాబితా కూడా అడగండి. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను (పోటీగా ఆడే వీడియో గేమ్‌లను) గుర్తించింది, డబ్బు పందెం ఆటలను నిషేధించింది. వాటికి ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. 2025 మార్చిలో తెలంగాణ పోలీసులు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసినవాళ్ల మీద కేసులు పెట్టారు. టీమ్ జెర్సీ మీద ఏ బొమ్మ వేసినా తొడుక్కోవాల్సిందే అన్న షరతుకు ఒప్పుకోవద్దు. "చట్టవిరుద్ధమైన ప్రచారాన్ని నిరాకరించే హక్కు ఆటగాడికి ఉంటుంది" అన్న ఒక్క వాక్యం చేర్పించండి.

తోటివాళ్ల తప్పు మీ మెడకు చుట్టుకోవడం గురించి కూడా. 2018లో షాంఘైలో జరిగిన ఒక కౌంటర్-స్ట్రైక్ పోటీలో భారత జట్టు ఆటగాడి కంప్యూటర్‌లో చీట్ (దొంగాటకు వాడే సాఫ్ట్‌వేర్) దొరికింది. ఫైలు పేరు వర్డ్ డాట్ ఈఎక్స్‌ఈ. అతనికి ఐదేళ్ల నిషేధం పడింది. ఏ తప్పూ చేయని మిగతా నలుగురికీ జట్టే లేకుండా పోయింది. "ఒకరు చీటింగ్ చేస్తే అందరి బకాయిలూ రద్దు" అన్న రాత ఉంటే, తప్పు చేసినవాడికే పరిమితం చేయించండి.

మీ అన్నయ్య సంగతి. చాలా ఐటీ కంపెనీల్లో రేటింగు మేనేజర్ ఒక్కడే ఇవ్వడు. మేనేజర్లంతా కూర్చుని కాలిబ్రేషన్ అనే సమావేశంలో తేలుస్తారు, పై రేటింగులు పరిమితం. అక్కడ కూర్చున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురికి తెలిసిన పనే నిలబడుతుంది. ప్రమోషన్ వచ్చినవాడు నిజంగా మేనేజర్‌కు ఇష్టుడే కావచ్చు. అయినా అన్నయ్య చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. పదిహేను రోజులకోసారి మేనేజర్‌కు మూడు లైన్ల మెయిల్: ఏం పూర్తయింది, దానివల్ల ఏం మారింది, ఏది ఆగింది. అర్ధరాత్రి ప్రొడక్షన్ (వాడుకలో ఉన్న సిస్టమ్) సమస్య పరిష్కరిస్తే టికెట్ నంబరు (ఆ సమస్యను నమోదు చేసిన నంబరు), పట్టిన సమయం అందులో ఉండాలి. కాలిబ్రేషన్‌కు ఆరు వారాల ముందు "పై రేటింగుకు నా పనిలో ఏది తక్కువ?" అని అడిగి, వచ్చిన జవాబును మెయిల్‌లో రాసి పంపాలి. రెండు రేటింగు దఫాలు ఇలా చేసినా జవాబు మారకపోతే, ఆ రికార్డుతోనే వేరే కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చు. ఆటలో మీరు ఆడిన మ్యాచ్ రికార్డింగు చూసి తప్పులు వెతుక్కుంటారు కదా, అన్నయ్యకు ఆ అలవాటు నేర్పగలిగింది మీరే.

ఇక కాలేజీ. ఆపొద్దు. జేఎన్‌టీయూ-హెచ్ పరిధిలో 75 శాతం హాజరు కావాలి. వైద్య కారణాలతో 65 వరకు సడలింపు ఉంటుంది, అంతకు తగ్గితే డిటెన్షన్, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. బూట్‌క్యాంప్ ఎప్పుడూ వైద్య కారణం కాదు. దొంగ సర్టిఫికెట్ జోలికి వెళ్లొద్దు. టీమ్‌ని అడగాల్సింది ఇది: సెమిస్టర్ రోజుల్లో ఇంటి నుంచి సాయంత్రం స్క్రిమ్స్, సెలవుల్లో, టోర్నమెంటుకు ముందు మూడు వారాలు మాత్రం బూట్‌క్యాంప్. మిమ్మల్ని నిజంగా కావాలనుకునే టీమ్ దీని మీద బేరమైనా ఆడుతుంది.

న్యాయం మీద ఇంత పట్టింపు ఉన్న మనిషికి ఆట చుట్టూ వేరే పనులూ ఉన్నాయి. టోర్నమెంట్ అడ్మిన్, రెఫరీ, యాంటీ-చీట్ విశ్లేషణ, గేమ్ టెస్టింగ్. సీఎస్‌ఈ డిగ్రీతో వీటికి తలుపు తెరుచుకుంటుంది. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి కంపెనీలు ఉన్నాయి. గేమ్ డిజైన్ అయితే బెంగళూరులో ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) క్యాంపస్‌లో పీజీ కోర్సు ఉంది. మీ కాలేజీ ఫెస్ట్‌లో 16 టీమ్‌ల టోర్నమెంటుకు అడ్మిన్‌గా ఉండి, నియమావళి మీరే రాసి చూడండి. పోటీదారుడి ఫోను మధ్యలో ఆగిపోతే రీమ్యాచ్ ఇవ్వాలా అన్న తీర్పు మీరే చెప్పాల్సి వచ్చినప్పుడు, ఆ పని మీకు సరిపోతుందో లేదో తెలిసిపోతుంది.

వారం గడువుకు కంగారు పడొద్దు. ఈ రోజే మెయిల్ పంపండి: "మీ ప్రతిపాదనకు ధన్యవాదాలు. ప్రైజ్ మనీ పంపకం, ఆట నిలిచిపోతే చెల్లింపు, నోటీసు గడువు, సెమిస్టర్ రోజుల షెడ్యూలు, ఈ నాలుగింటి మీద స్పష్టత కావాలి. లాయర్‌కు చూపించడానికి మరో పది రోజులు ఇవ్వండి." ఫోన్ చేసి నోటిమాటగా సరే అంటే, మాట్లాడింది మెయిల్‌లో పంపమనండి. "అందరూ ఇలాగే సంతకం పెట్టారు, నీకే ఎందుకు" అంటే, రేపు డబ్బు అడిగినప్పుడూ ఇదే జవాబు వస్తుంది. ఆ టీమ్‌ను వదిలేయండి. లాయర్ ఫీజు మూడు వేలో ఐదు వేలో అవుతుంది, నాన్నను వెంటబెట్టుకుని వెళ్లండి. మార్పులు ఒప్పుకుంటే కొత్త ప్రతి మొత్తం మళ్లీ చదివి, ప్రతి పేజీ కింద ఇరువైపులా సంతకాలు పెట్టించి, ఒక అసలు ప్రతి ఇంట్లో ఉంచుకోండి.