కొత్త భావన పర్యావరణ విధానాన్ని ఎలా మారుస్తుంది?

నష్టానికి బాధ్యులెవరన్న ప్రశ్నకు జవాబు మార్చడం ద్వారా మారుస్తుంది. లాభం కర్మాగారానిది, శుద్ధి ఖర్చు ప్రజలది అన్న అన్యాయం చాలాకాలం సాగింది. ‘కలుషితం చేసినవారే చెల్లించాలి’ అనే సూత్రాన్ని 1972లో అభివృద్ధి చెందిన దేశాల ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ ముందుకు తెచ్చాక ఆలోచన మళ్లింది.

రాజస్థాన్‌లోని బిచ్రీ గ్రామాన్నే చూడండి. రసాయన కర్మాగారాల వ్యర్థాలు నేలలోకి ఇంకి బావుల నీళ్లు రంగు మారాయి. అవి మనుషులు తాగడానికే కాదు, పశువులకూ పొలాలకూ పనికిరాకుండా పోయాయి. 1996లో సుప్రీంకోర్టు ఈ సూత్రం ఆధారంగానే శుద్ధి ఖర్చును ఆ కంపెనీలపై మోపింది. పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఏర్పరచిన 2010 నాటి చట్టం 20వ సెక్షన్‌లో ఈ సూత్రం చేరింది.

డబ్బు కడితే కలుషితం చేయవచ్చని చాలామంది పొరబడతారు. ఆ చెల్లింపు అనుమతి కానే కాదు. బిచ్రీలో కర్మాగారాల మూసివేతకూ కోర్టు ఆదేశించింది.