బంపర్‌కు కోత పెట్టకండి, ముందు వేడి గాలిని ఆపండి

కారుకు కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ (ఇంజిన్‌కు బయటి చల్లగాలి అందించాల్సిన ఫిల్టర్, పైపు) పెట్టించినా పికప్ పెరగలేదని రాశారు. ఫాగ్ ల్యాంప్ తీసేసి ఆ రంధ్రం నుంచి పైపు వేస్తే గాలి బాగా అందుతుందని షాపువాళ్లు చెబుతున్నారట, బంపర్ కోయించమంటారా అని అడిగారు.

కోయించకండి. నేను కోయించాను, అందుకే చెబుతున్నాను. మాది హనుమకొండ. నా కారు 2015 మోడల్, 1200 సీసీ పెట్రోల్. 2022 ఎండాకాలమంతా ఈ గాలి పని మీదే తిరిగాను. షాపులో మీకు చెప్పిన మాటే నాకూ చెప్పారు. "సార్, బండి ఉరికేటప్పుడు గాలి మొత్తం దీంట్లకే కొడతది, టర్బో లెక్క గుంజుతది" అన్నాడు ఆ పని చేసినతను. మంచి పనివాడే, చేతిలో నేర్పు ఉంది. కానీ ఇంజిన్‌కు కావాల్సింది ఏమిటో తప్పుగా నమ్మాడు. నేనూ నమ్మాను.

మొదట కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి, చుట్టూ తెరిచి ఉండే గరాటు ఆకారపు కోన్ ఫిల్టర్ పెట్టించాను. యాక్సిలరేటర్ తొక్కితే బుస్సుమని చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు వింటే బండికి బలం వచ్చినట్టే అనిపిస్తుంది. ఇప్పుడు మన దగ్గర సగం మోడిఫికేషన్లు అమ్ముడవుతున్నది ఆ చప్పుడు మీదే అని నా గట్టి అభిప్రాయం. చెవికి బలం పెరిగింది, చక్రానికి పెరగలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం అత్తగారింటికి పోతున్నాం. పక్క సీటులో మా బామ్మర్ది. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకు చిన్న బ్లూటూత్ స్కానర్ పెడితే ఇంజిన్‌లోకి పోయే గాలి వేడి ఎంతో ఫోన్‌లో కనిపిస్తుంది. ఆ ఫోన్ వాడి చేతిలో పెట్టాను. బయట 43 డిగ్రీల ఎండ. రోడ్డు మీద ఎనభైలో పోతుంటే 52 చూపించింది. దారిలో కాజీపేట - బల్లార్షా లైన్ మీద గేటు పడింది. ఆ లైన్ సంగతి తెలిసిన వాళ్లు ఊహించగలరు. ఒక బొగ్గు బండి పోయింది, గేటు లేవలేదు. ఇంకోటి రావాలట. ఏసీ కోసం ఇంజిన్ ఆపలేదు.

"బావా, అరవై అయింది" అన్నాడు. కాసేపటికి "అరవై ఆరు". గేటు అవతల ఒక ముసలాయన సైకిల్ మీద తాటిముంజలు పెట్టుకొని మాలాగే నిలబడి ఉన్నాడు. ఈ అంకెల గోల లేకపోతే దిగి కొనుక్కునేవాళ్లం. రేడియేటర్ ఫ్యాన్ తిరిగినప్పుడల్లా అంకె ఒకటి రెండు ఎగబాకుతోంది. రెండో రైలు చివరి పెట్టె దాటేసరికి 74. గేటు లేచింది, వెనకాల వాళ్లు హారన్లు. ఫస్ట్ గేర్‌లో వదిలితే బండి కదలడానికి ఆలోచిస్తోంది. "గిదేంది బావా, కొత్తది పెట్టించినవ్ కదా?" అన్నాడు. నేను రోడ్డు పక్కన ఆపి బానెట్ ఎత్తాను. కోన్ ఫిల్టర్ మీద చెయ్యి పెట్టలేకపోయాను, అంత కాలుతోంది. రేడియేటర్ మీదుగా వచ్చిన వేడి గాలి మొత్తం నేరుగా దాని మీదికే కొడుతోంది. పేరు కోల్డ్ ఎయిర్, తాగుతున్నది మాత్రం పొయ్యి మీది ఆవిరి.

గాలి వేడెక్కితే పలచబడుతుంది. దాదాపు ప్రతి మూడు డిగ్రీలకు ఒక శాతం చొప్పున బరువు తగ్గుతుంది. బయట 43, లోపలికి పోయేది 74 అంటే యాక్సిలరేటర్ మొత్తం తొక్కినప్పుడు ఇంజిన్‌కు అందే గాలి తొమ్మిది శాతం తక్కువ. దానికి తోడు వేడి గాలితో నాకింగ్ (పెట్రోల్ తనంతట తానే అంటుకొని ఇంజిన్ టకటకలాడటం) వస్తుందని ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీయూ, స్పార్క్ టైమింగ్ వెనక్కి జరుపుతుంది. ఇంక పికప్ ఎక్కడి నుంచి వస్తుంది?

అప్పుడు కూడా నాకు బుద్ధి తిరగలేదు. బయట గాలి అందడం లేదు కాబట్టి పైపు వేయిస్తే సరిపోతుందనుకున్నాను. ఎడమ వైపు ఫాగ్ ల్యాంప్ తీయించి, వెనక ప్లాస్టిక్ కోయించి, రెండున్నర అంగుళాల పైపు ఫిల్టర్ దాకా లాగించాను. మళ్లీ అదే ఎండలో, అదే ఫోన్‌తో చూశాను. రోడ్డు మీద 49. ఆపి ఉంచితే 70. బంపర్ పోయింది, నాలుగు డిగ్రీలు తగ్గాయి. ఎందుకంటే పైపు చివర ఫిల్టర్‌కు ఎదురుగా ఉందే గానీ ఫిల్టర్ చుట్టూ అంతా తెరిచే ఉంది. బండి ఆగితే పైపులోంచి తోసే గాలి ఉండదు. ఇంజిన్ తనకు దగ్గరగా ఏ గాలి ఉంటే అది పీలుస్తుంది, పైపు కోసం వెతుక్కోదు.

ఇక్కడ ఒక లెక్క చెబుతాను, మీ షాపువాళ్లకు కూడా చూపించండి. 1200 సీసీ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన నిండా గాలి పీలుస్తుంది. 3000 ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు, మొత్తం తొక్కి పెట్టినా నిమిషానికి 1800 లీటర్లు. 6000లో 3600. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో రెండున్నర అంగుళాల రంధ్రానికి ఎదురుగా వచ్చే గాలి నిమిషానికి 5000 లీటర్లకు పైనే. అంటే గాలికి కొరత ఎప్పుడూ లేదు. ఇక గాలి దూసుకొచ్చి ఒత్తిడి పెంచుతుందన్న మాట చూద్దాం. వంద వేగంలో ఆ ఒత్తిడి వాతావరణ పీడనంలో అర శాతం కూడా ఉండదు. టర్బోతో పోల్చే మాట ఎవరన్నా అంటే అక్కడి నుంచి బండి తీసుకొని వచ్చేయండి.

ఆ తర్వాత అల్యూమినియం రేకుతో ఫిల్టర్ చుట్టూ డబ్బా కట్టించాను. పై అంచుకు డోర్ బీడింగ్ (కారు తలుపు అంచుకు ఉండే రబ్బరు పట్టీ) వేసి, బానెట్ మూస్తే సందు లేకుండా చేశాను. బీడింగ్ ఎక్కడ ఆనడం లేదో తెలుసుకోవడానికి అంచు పొడవునా ముగ్గుపిండి రాసి బానెట్ మూసి తెరిచాను, తెల్లటి గీత పడని చోట ఇంకో పొర అంటించాను. అప్పుడు దారికి వచ్చింది: రోడ్డు మీద 46, ఆపితే 58. చాలా సంతోషపడ్డాను. ఆ వారమే పాత కంపెనీ డబ్బాను అటక మీది నుంచి దింపి, కొత్త ఫిల్టర్ వేసి బిగించి చూశాను. రోడ్డు మీద 46, ఆపితే 57.

అంటే దాదాపు తొమ్మిది వేలు ఖర్చు పెట్టి నేను చేరింది కంపెనీ వాడు ఇచ్చిన చోటికే. ఆ నల్ల డబ్బా నోరు ఎక్కడుందో అప్పుడు సరిగ్గా చూశాను. హెడ్‌లైట్ పక్క నుంచి, రేడియేటర్ కంటే ముందుకు, గ్రిల్ వెనక బయటి గాలి తీసుకునేలా పెట్టారు. చాలా కార్లలో అంతే. కంపెనీ బిగించిందే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్. దాన్ని పీకి వేడి గాలి పీల్చే ఫిల్టర్ పెట్టి, దానికి మళ్లీ చల్లగాలి కోసం బంపర్ కోస్తున్నాం.

బంపర్ కోతలో ఇంకో సంగతి ఉంది, ఇది మన ప్రాంతం సంగతి. అల్యూమినియం డబ్బా మీద మోజు తీరక, కంపెనీది తీసి మళ్లీ దాన్నే పెట్టుకొని తిరిగాను. ఆ నవంబర్‌లో ఫిల్టర్ విప్పితే లోపల చారెడు తాలు, వడ్ల పొట్టు. మన రోడ్ల మీద వానకాలం పంటకోసారి, యాసంగికోసారి వడ్లు ఆరబోస్తారు కదా. ముందు పోయే లారీ ఆ అంచు తొక్కితే లేచేదంతా బంపర్ ఎత్తులోనే లేస్తుంది. రైతును నేను తప్పు పట్టను. ఊరికి సరిపడా కల్లాలు కట్టించకుండా రోడ్డెక్కాడని రైతును తిట్టడం నాకు నచ్చదు. కుప్ప చుట్టూ పెట్టిన రాళ్లు మాత్రం రాత్రిపూట ప్రాణాలు తీస్తాయి, అవి తీసేయాలని చేతులెత్తి మొక్కి అడుగుతాను. ఇక పత్తి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ వైపు తిరిగే బండి ఏసీ కండెన్సర్ మీద దూది పింజ ఎలా పేరుకుంటుందో అటు తిరిగేవాళ్లకు తెలుసు. కరీంనగర్ దారిలో గ్రానైట్ లారీల దుమ్ము వేరే. ఇన్ని ఉన్న చోట ఇంజిన్ ముక్కును తెచ్చి రోడ్డుకు జానెడు ఎత్తులో పెట్టడం ఏం న్యాయం?

పైపు ఎప్పుడు పీకేశానో కూడా చెప్పాలి. 2023 జులై చివరి వారం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడిందే, మోరంచపల్లి మునిగిందే, ఆ రోజులు. హంటర్ రోడ్డు మీద మోకాలు దాటి నీళ్లు. బండి ఇంట్లోనే ఉంది కాబట్టి బతికింది. నీళ్లు తగ్గాక కారు ముందు గొంతుక్కూర్చొని టేపుతో కొలిచాను. పైపు నోరు నేల నుంచి పది అంగుళాలు. సిలిండర్‌లోకి నీళ్లు పోతే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మామూలు ఇన్సూరెన్స్‌లో ఆ ఇంజిన్ ఖర్చు సాధారణంగా ఇవ్వరు, ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకుంటేనే. అదే సాయంత్రం పైపు, రేకు డబ్బా రెండూ విప్పేశాను. కంపెనీ డబ్బా పెట్టాను, ఇప్పటికీ అదే ఉంది.

చట్టం సంగతి కూడా చూసుకోండి. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పెట్టారు.

మీరు చేయాల్సింది చెబుతాను. పాత డబ్బా ఉంటే దాన్నే పెట్టించండి. దాని నోటికి ఉండే చిన్న ప్లాస్టిక్ గొట్టం ఊడిపోయి ఇంజిన్ వైపు తిరిగి ఉందేమో చూడండి, సర్వీసింగ్‌లో చాలాసార్లు సరిగ్గా బిగించరు. డబ్బా క్లిప్పులన్నీ పడాలి. ఇంజిన్ కింద ఉండే ప్లాస్టిక్ ట్రే ఉందా? నా బండికి ఒక సర్వీస్ సెంటర్‌లో దాన్ని విప్పి మళ్లీ పెట్టనే లేదు, అడిగితే "లేకున్నా ఏం కాదు సార్" అన్నారు. అవుతుంది. ముందు నుంచి వచ్చిన గాలి రేడియేటర్ గుండా పోకుండా కిందికి జారిపోతుంది, బానెట్ లోపల వేడి పెరుగుతుంది. కండెన్సర్ మీది దుమ్ము, దూది తక్కువ ఒత్తిడి నీళ్లతో కడిగించండి. డీజిల్ టర్బో బండి అయితే ఇంటర్‌కూలర్ రెక్కలు శుభ్రంగా ఉండటం ఈ ఫిల్టర్లన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే టర్బో గాలిని నొక్కి ఎలాగూ వేడి చేస్తుంది, దాన్ని చల్లార్చేది అదే.

కోన్ ఫిల్టర్ ఉంచుకోవాలనే పట్టుదల ఉంటే బంపర్ ముట్టకుండా, గ్రిల్ పై భాగంలో ఇప్పటికే ఉన్న సందు నుంచి పైపు తెచ్చుకోండి. ఫిల్టర్ చుట్టూ డబ్బా కట్టించి బానెట్‌కు ఆనేలా బీడింగ్ వేయించండి, అడుగున నీళ్లు పోవడానికి ఒక రంధ్రం ఉంచండి. నూనె రాసే రకం ఫిల్టర్ అయితే నూనె తక్కువ రాయండి, ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న బండిలో ఆ నూనె దాని సన్నటి తీగకు పట్టి చెక్ ఇంజిన్ లైట్ వెలగొచ్చు.

ఏదైనా కోసే ముందు ఆ బ్లూటూత్ స్కానర్ ఒకటి తెచ్చి, ఎండలో పది నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఎంత చూపిస్తుందో, తర్వాత రోడ్డు మీద ఎనభైలో ఎంత చూపిస్తుందో రాసుకోండి. మీ కారు ఏదో, పెట్రోలా డీజిలా, ఫిల్టర్ చుట్టూ డబ్బా ఉందా లేదా రాయలేదు. ఆ రెండు అంకెలతో పాటు అవి కూడా చెబితే సందు ఎక్కడుందో ఇంకా గట్టిగా చెప్పగలను.