టెక్ సందేహాలు: యుద్ధకాలపు 3డి ఫొటోలు ల్యాప్‌టాప్‌లో చూడాలంటే

ప్రశ్న: నాజీ జర్మనీలో అచ్చయిన స్టీరియో ఫొటోల స్కాన్లు నా దగ్గరున్నాయి. ఒకే దృశ్యం పక్కపక్కన రెండుసార్లు ఉంటుంది. ఎరుపు-సయాన్ కళ్లద్దాలకు పనికొచ్చేలా మార్చాను గానీ ప్రతి మనిషి పక్కనా నీడ కనిపిస్తోంది. తలనొప్పి కూడా! ఏం చేయాలి?

జవాబు: మీవి ఒట్టో షోన్‌స్టైన్ ప్రచురించిన ‘రౌంబిల్డ్’ ఆల్బమ్‌లవి కావచ్చు. మందపాటి అట్టల అరల్లో కార్డులు, వాటితోపాటే మడిచి పెట్టుకునే వ్యూయర్. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ ఆల్బమ్‌లో 100 జతల బొమ్మలున్నాయి. హిట్లర్ ఫొటోగ్రాఫర్ హైన్‌రిష్ హోఫ్‌మన్‌కూ ఈ వ్యాపారంలో చేయి ఉంది. యుద్ధం మొదలయ్యాక సైన్యం మీదా ఇలాంటి ఆల్బమ్‌లే వేశారు. ఫొటో పక్కా 3డి అయినంత మాత్రాన అందులో చూపించింది మొత్తం కథ కాదు. ఏది చూపాలో ముందే ఎంచిన బొమ్మలవి.

ఇక నీడల సంగతి. విండోస్‌లో ఉచితంగా దొరికే స్టీరియోఫోటో మేకర్‌లో స్కాన్‌ను స్టీరియో ఇమేజ్‌గా తెరవండి. ఆల్ట్, ఏ కలిపి నొక్కితే ఆటో అలైన్‌మెంట్ అవుతుంది. ఇది తప్పనిసరి: స్కానర్ మీద కార్డు కాస్త వంకరగా పడినా ఒక బొమ్మ పైకీ ఒకటి కిందికీ పోతుంది, మీ తలనొప్పి అక్కడిదే. దూరంగా ఉండాల్సినవి ముందుకు పొడుచుకొస్తుంటే కుడి ఎడమలు తారుమారైనట్టు. ఎక్స్ నొక్కి మార్చండి. తర్వాత గ్రే అనాగ్లిఫ్ (ఎరుపు-సయాన్ అద్దాలతో చూసే నలుపు-తెలుపు 3డి బొమ్మ) ఎంచుకోండి. ఎర్ర అద్దం ఎడమ కంటికే రావాలి.

సేవ్ చేసేది పీఎన్‌జీగా. జేపెగ్ సాధారణంగా రంగుల వివరాన్ని తగ్గించి దాస్తుంది. అనాగ్లిఫ్‌లో రెండు కళ్ల బొమ్మల్నీ విడదీసేది ఆ రంగే కాబట్టి ఒకటి రెండోదాంట్లోకి కారుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపితే ఇంకా పాడవుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

ప్రశ్న: మల్టీప్లెక్స్ 3డి కళ్లద్దాలతో ఇవే చూడొచ్చా?

జవాబు: మామూలు ల్యాప్‌టాప్‌లో కుదరదు. అవి సాధారణంగా పోలరైజ్డ్ అద్దాలు, అంటే కాంతి తరంగాలు కంపించే తీరును (పోలరైజేషన్) బట్టి ఒక్కో కంటికి ఒక్కో బొమ్మనే పంపేవి. రెండు బొమ్మలూ వేర్వేరు పోలరైజేషన్‌తో రావాలి, మీ స్క్రీన్ నుంచి వచ్చేదంతా ఒకటే రకం. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో కార్ల కంపెనీ క్రైస్లర్ చూపిన 3డి సినిమా పోలరాయిడ్ కళ్లద్దాలతోనే. అలాంటి సినిమాలకు వెండిపూత తెర కావాలి, మామూలు తెల్ల తెర పోలరైజేషన్‌ను చెదరగొట్టేస్తుంది. అమెరికన్లు యుద్ధంలో విమానాల నుంచి తీసిన ఫొటోలకు తెర గొడవ లేకుండా వెక్టోగ్రాఫ్ వాడారు: రెండు బొమ్మలూ ఒకే ఫిల్మ్ మీద, పోలరైజేషన్ రూపంలోనే.

ఇంట్లో పాత పాసివ్ 3డి టీవీ (పోలరైజ్డ్ అద్దాలతో చూసేది) ఉంటే అదృష్టమే. స్కాన్‌ను పక్కపక్కన ఉన్నట్టే ఇచ్చి టీవీలో సైడ్-బై-సైడ్ మోడ్ పెట్టండి. మనుషులు అడ్డంగా సాగినట్టు కనిపిస్తే, ఒక్కో బొమ్మ వెడల్పును ముందే సగానికి కుదించి, దానికి రెండు పక్కలా సమానంగా నల్ల అంచు కలిపి, జత మొత్తం టీవీ తెర వెడల్పు నిండేలా చేసి మళ్లీ ఇవ్వండి.