ప్లేస్టేషన్ కీ నెట్‌లో పెడితే కేసవుతుందా?

ప్రశ్న: సర్, నేను బి.టెక్ మూడో సంవత్సరం. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సోనీ వాళ్ల పాత గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 3 కొన్నాను. 2011లో దాని సెక్యూరిటీ కీ బయటికెలా వచ్చిందన్నదే నా సెమినార్ టాపిక్. కోడ్‌తో పాటు ఆ కీని కూడా కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో పెడదామనుకుంటే, పోలీసు కేసవుతుందని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు, ఒకటే టెన్షన్‌గా ఉంది. కీ అంటే ఒక నంబరే కదా, నంబర్ రాస్తే నేరమెలా అవుతుంది?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: సెమినార్ ధైర్యంగా ఇవ్వండి. తాళం ఎలా ఊడిందో లెక్కతో సహా బోర్డు మీద చూపించడంలో తప్పేమీ లేదు. ఆలోచించాల్సిందల్లా ఆ కీని అందరికీ అందేలా పెట్టడం గురించే.

నంబరే కదా అన్నారు. అంకెల వరసకు కాపీరైట్ ఉంటుందని నేనూ అనుకోను. కానీ ఇలాంటి కేసుల్లో గొడవ నంబర్ ఎవరిదన్నది కాదు, దానితో ఏ తాళం తెరుచుకుంటుందన్నది. 2011 జనవరి మొదట్లో జార్జ్ హాట్జ్ అనే అమెరికన్ హ్యాకర్ ఆ కీని నెట్‌లో పెట్టగానే, రోజుల్లోనే సోనీ కాలిఫోర్నియాలో ఫెడరల్ కోర్టుకెక్కింది. అమెరికాలో 1998 నాటి డిజిటల్ కాపీరైట్ చట్టం డీఎంసీఏ తాళం తీయడాన్నే కాదు, తీసే సాధనాన్ని జనానికి పంచడాన్నీ నిషేధిస్తుంది. కోర్టు అదే నెలలో తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది, మార్చి చివర్లో ఇద్దరూ రాజీపడ్డారు, ఇక మీదట అలాంటి పని చేయనని హాట్జ్ శాశ్వత ఉత్తర్వుకు ఒప్పుకున్నాడు. అంటే కీ పెట్టడం నేరమా కాదా అన్నది ఆ కేసులో తేలనే లేదు.

మన దగ్గర 2012లో కాపీరైట్ చట్టంలో చేర్చిన సెక్షన్ 65ఎ ఉంది. హక్కులను ఉల్లంఘించాలన్న ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా కూడా. ఉద్దేశం అన్న మాట దగ్గర కాస్త ఆగండి, మీకు అండగా ఉండేది అదే. ఎన్‌క్రిప్షన్ మీద పరిశోధనకు కూడా ఆ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. అయితే ఇంకో షరతు ఉంది, దాన్ని చాలామంది చదవరు: చట్టం నిషేధించని పని కోసమే అయినా సరే, ఇంకొకరు తాళం తీసుకోవడానికి మీరు సాయపడితే వాళ్ల పేరు, అడ్రస్, ఎందుకు కావాలన్నారో అన్నీ రాసి ఉంచుకోవాలి. గిట్‌హబ్‌లో పెట్టిన కీని ఎవరెవరు తీసుకున్నారో మీరు ఏ పుస్తకంలో రాసి ఉంచుతారు? పైగా కీ పక్కనే ఫ్రీగా గేమ్స్ ఆడుకునే పద్ధతి కూడా రాశారంటే అదే చట్టంలోని సెక్షన్ 63 కింద ఉల్లంఘనకు సాయపడ్డారని అనొచ్చు, ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా శిక్ష ఉన్న సెక్షన్ అది. గిట్‌హబ్ అమెరికా కంపెనీ, డీఎంసీఏ నోటీసు వచ్చిందంటే తీసేస్తుంది.

సోనీ చేసిందంతా న్యాయమని మాత్రం నేననను. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవచ్చని చెప్పి అమ్మిన కన్సోల్‌లో ఆ సదుపాయాన్ని 2010 ఏప్రిల్ 1న అప్‌డేట్‌తో తీసేశారు. డబ్బు పెట్టి కొన్నవాడి చేతిలోంచి లాక్కోవడమే అది, నాకు ఇప్పటికీ కోపమే.

ఇక మీ సెమినార్‌కి అసలు సరుకు లెక్కలో ఉంది. 2010 డిసెంబర్‌లో బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల సదస్సులో ఫెయిల్‌ఓవర్‌ఫ్లో బృందం దాన్ని బయటపెట్టింది. ప్రోగ్రామ్ తమదేనని కన్సోల్ గుర్తుపట్టేలా సోనీ తన రహస్య కీతో దానిమీద డిజిటల్ సంతకం చేస్తుంది. అలా సంతకం చేసే ప్రతిసారీ కొత్త రాండమ్ నంబర్ వాడాలి, సోనీ ఎప్పుడూ ఒకటే వాడింది. సంతకంలో రెండు భాగాలుంటాయి కదా, వేర్వేరు ఫైళ్ల సంతకాలు పక్కపక్కన పెడితే మొదటి భాగం అచ్చంగా ఒకటే. ఇక రెండు సమీకరణాలు, తెలియనివి రెండే (ఆ కీ, ఆ రాండమ్ నంబర్), పదో తరగతిలో చేసిన పద్ధతే, కాకపోతే మాడ్యులోలో, అంటే భాగిస్తే వచ్చే శేషాలతో చేయాలి.

దీనికి సోనీ కీ అక్కర్లేదు. పైథాన్‌లో సొంతంగా ఒక కీ తయారుచేసుకోండి, ఒకే రాండమ్ నంబర్‌తో రెండు మెసేజ్‌లకు సంతకం పెట్టండి, ఆ రెండు సంతకాల నుంచి మీ కీని మీరే క్లాసులో అందరి ముందూ బయటికి లాగి చూపించండి. ఆ కోడంతా గిట్‌హబ్‌లో పెట్టుకోండి, అడిగేవాళ్లుండరు.