టెక్ సందేహాలు: ‘30 మీటర్ల’ వాచీతో స్నానం చేయొచ్చా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఫోన్ల కంటే చేతి వాచీల గురించినవే ఎక్కువ. స్మార్ట్‌వాచీలను పక్కన పెట్టి, ముళ్లుండే మామూలు వాచీల మీద వచ్చినవాటికే ఈ విడత జవాబులు.

ప్రశ్న: నా వాచీ వెనక మూత మీద ‘వాటర్ రెసిస్టెంట్ 30 మీటర్లు’ అని ఉంది. ఆ ధైర్యంతో తీయకుండానే స్నానం చేస్తున్నాను. నాలుగు రోజులుగా అద్దం లోపల ఆవిరి పడుతోంది. 30 మీటర్ల లోతుకు తట్టుకోవాల్సింది షవర్‌కే చేతులెత్తేస్తే ఎలా?

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది. ఆ అంకెను అలా రాయడమే తికమక వ్యవహారం. అది మీరు దిగగలిగే లోతు కాదు, పరీక్షలో వాచీ తట్టుకున్న ఒత్తిడి. ఒత్తిడిని బార్‌లలో కొలుస్తారు, 10 మీటర్ల నీటి ఒత్తిడి సుమారు 1 బార్. కాబట్టి 30 మీటర్లన్నా, 3 బార్ అన్నా, 3 ఏటీఎం (అట్మాస్ఫియర్, అంటే గాలి ఒత్తిడి లెక్క) అన్నా చెప్పేది దాదాపు ఒకటే. ఆ పరీక్షలో వాచీ కొత్తది, లోపలి రబ్బరు రింగులు కొత్తవి, సబ్బు మాటే ఉండదు. మీ బాత్‌రూమ్ సంగతి అలా కాదు కదా.

వాడకంలో 30 మీటర్లంటే చేతులు కడిగేటప్పుడు పడే తుంపర్లు, నాలుగు వాన చినుకులు, అంతే. 50 ఉంటే ఈతకు ఫర్వాలేదంటారు గానీ పాతబడిన వాచీతో నేనైతే సాహసించను. 100 ఉంటే ఈతకు నిశ్చింత. సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దిగేవాళ్ల కోసం ఐఎస్‌ఓ 6425 అనే అంతర్జాతీయ ప్రమాణంతో డైవర్స్ వాచీలు వేరే ఉన్నాయి.

వెనక మూత చుట్టూ, అద్దం అంచున, టైమ్ తిప్పే క్రౌన్ దగ్గర సన్నటి రింగులుంటాయి. నీటిని ఆపేవి ఇవే. వేడినీళ్లు తగిలితే లోహం, గాజు, రబ్బరు ఒక్కోటి ఒక్కో తీరున వ్యాకోచిస్తాయి. సబ్బు, షాంపూ రబ్బరును మెల్లమెల్లగా పాడుచేస్తాయి. అందుకే 100 మీటర్ల వాచీనైనా వేడినీళ్ల స్నానానికి ముందు తీసేయమనే చెబుతాను.

ఇప్పుడైతే క్రౌన్‌ను లాగకండి. ఎండలోనో, హెయిర్ డ్రయ్యర్ ముందో పెట్టకండి. బియ్యంలో పాతిపెట్టే చిట్కా మూత బిగించి ఉన్న వాచీకి ఏం పనిచేస్తుంది చెప్పండి? ఈరోజే మూత తీయించి, లోపల ఆరబెట్టించి, రింగులు మార్పించండి. ‘ప్రెజర్ టెస్ట్ చేస్తారా?’ అని అడగడం మరచిపోవద్దు. ఆలస్యం చేస్తే తుప్పు మొదలై, మొత్తం మెషీనే మార్చాల్సిన పరిస్థితి రావచ్చు.

ప్రశ్న: రోజూ ఆఫీసుకు పెట్టుకోవడానికి వాచీ కొనాలి. ‘అసలు వాచీ అంటే ఆటోమేటికే, క్వార్ట్జ్ బొమ్మతో సమానం’ అంటున్నాడు మా ఫ్రెండ్. ఏం చేయమంటారు?

జవాబు: క్వార్ట్జ్ కొనండి. మీ ఫ్రెండ్ మాటలో అభిమానం ఉంది గానీ లెక్క లేదు.

సెల్‌తో నడిచే క్వార్ట్జ్ వాచీలో చిన్న స్ఫటికం ముక్క ఒకటి సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఇదేం అంకె అనుకోకండి. 15 రెండ్లను వరసగా గుణిస్తే వచ్చేది అదే. చిప్ ఆ సంఖ్యను 15 సార్లు సగం చేస్తూ పోతే చివరికి సెకనుకు ఒక్క పల్స్ మిగులుతుంది. దానితోనే సెకన్ల ముల్లు ఒక్కో గీత జరుగుతుంది. తొలి క్వార్ట్జ్ చేతి వాచీ, సీకో ఆస్ట్రాన్, 1969 డిసెంబరు 25న అమ్మకానికి వచ్చింది. అందులో కంపనాలు సెకనుకు 8,192. సూత్రం మాత్రం అప్పుడూ ఇదే.

మామూలు క్వార్ట్జ్ నెలకు 15 సెకన్లు అటూఇటూ అవుతుంది. మరి క్రోనోమీటర్ (కచ్చితత్వ పరీక్ష నెగ్గిన వాచీ) అని స్విట్జర్లాండ్ సంస్థ సీఓఎస్‌సీ ధ్రువీకరించే, స్ప్రింగుతో నడిచే మెకానికల్ వాచీలకు? సగటున 4 సెకన్లు వెనక నుంచి 6 సెకన్లు ముందు వరకు ఒప్పుకుంటారు, అదీ రోజుకు. పైగా మెకానికల్‌లోనే ఒక రకమైన ఆటోమేటిక్‌కు చేయి కదిలితేనే కీ ఎక్కుతుంది. పూర్తి కీతో 40 గంటలు నడిచేదాన్ని శుక్రవారం రాత్రి తీసి బల్ల మీద పెడితే సోమవారం ఉదయం ఆగిపోయి కనిపిస్తుంది. కొన్నేళ్లకోసారి విప్పి నూనె వేయించాలి కూడా. ఆ చక్రాలు తిరుగుతుంటే చూడ్డానికి ముచ్చటేస్తుందంటే తప్పకుండా కొనుక్కోండి, అది వేరే ఆనందం. సెల్ మార్చే గొడవే వద్దనుకుంటే వెలుతురుతో చార్జయ్యే సోలార్ క్వార్ట్జ్ చూడండి.

కొనేటప్పుడు చేతికి పెట్టుకుని పైనుంచి చూడండి. స్ట్రాప్ తగిలించే అంచులు మణికట్టు దాటి బయటకు పొడుచుకొస్తే ఆ వాచీ మీకు పెద్దదే, డయల్ కొలత ఎంతైనా సరే. స్ట్రాప్ వెడల్పు 18, 20, 22 మిల్లీమీటర్లలో ఏదో ఒకటైతే రేపు మార్చుకోవడం తేలిక. ఆ కంపెనీ స్ట్రాపే పట్టేలా విచిత్రంగా చేసిన వాచీల జోలికి నేను పోను. అద్దం సఫైర్ అయితే మంచిది. కాఠిన్యం చెప్పే మోహ్స్ కొలతలో ఇసుకలోని క్వార్ట్జ్ 7 దగ్గర, సఫైర్ 9 దగ్గర ఉంటాయి. మినరల్ గ్లాస్ 7 కంటే తక్కువ కాబట్టే ఇసుక రేణువుకు కూడా గీతలు పడుతుంది. అలాగని సఫైర్ పగలదని కాదు, గట్టిదెబ్బ తగిలితే అంచు లేచిపోతుంది.

ప్రశ్న: సెకన్ల ముల్లు ఉన్నట్టుండి రెండేసి సెకన్లు దూకుతోంది. టైమ్ మాత్రం కరెక్టే. రిపేరా?

జవాబు: టెన్షన్ పడకండి. సెల్ అయిపోవస్తోందని చాలా క్వార్ట్జ్ వాచీలు ఇలాగే చెబుతాయి. ఆగిపోయేదాకా చూడకుండా మార్పించండి. ఖాళీ సెల్‌ను లోపలే వదిలేస్తే కారి మెషీన్‌ను తినేస్తుంది. ఎస్‌ఆర్‌తో మొదలయ్యే నంబరుంటే అది సిల్వర్ ఆక్సైడ్, 1.55 వోల్టులు, చివరిదాకా దాదాపు ఒకే వోల్టేజీ ఇస్తుంది. ఎల్‌ఆర్ అంటే ఆల్కలైన్. అది అదే సైజులో దొరికినా వోల్టేజీ మెల్లగా పడిపోతూ ఉంటుంది. ఎస్‌ఆర్ అడిగి వేయించుకోండి.

ప్రశ్న: ఇన్నాళ్లూ బాగా నడిచిన ఆటోమేటిక్ వాచీ ఈమధ్య రోజుకు చాలా నిమిషాలు ముందుకు పోతోంది. కింద పడలేదు, తడవలేదు.

జవాబు: అయస్కాంతం పట్టి ఉంటుంది. ట్యాబ్లెట్ కవరు, స్పీకరు, బ్యాగు బటను, ఎక్కడ చూసినా అయస్కాంతాలే. వాచీ వేగాన్ని అదుపు చేసే సన్నటి స్ప్రింగ్, అంటే లోపలి హెయిర్‌స్ప్రింగ్ చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటే ఆ స్ప్రింగ్ పొట్టిదైనట్టే లెక్క, వాచీ పరుగెడుతుంది. ముల్లున్న దిక్సూచి పక్కన వాచీని అటూఇటూ కదిపి చూడండి. ముల్లు గట్టిగా ఊగితే అనుమానం నిజమే. అయస్కాంతత్వాన్ని తీసేసే డీమాగ్నటైజర్‌తో సరిచేయడం నిమిషం పని. క్వార్ట్జ్ అయితే అయస్కాంతం దగ్గర ఆగినా, దూరం జరిపాక మామూలుగా నడుస్తుంది. టైమ్ మళ్లీ పెట్టుకుంటే చాలు.

ప్రశ్న: మధ్యాహ్నం 12 గంటలకు తేదీ మారిపోతోంది. ఎలా సరిచేయాలి?

జవాబు: వాచీ పగలును రాత్రి అనుకుంటోంది. ముళ్లను 12 గంటలు ముందుకు తిప్పండి. తేదీ ఒకటి ఎక్కువైతే, దాన్ని విడిగా మార్చే ముందు ముళ్లను 6 దగ్గరకు తెచ్చుకోండి. రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 మధ్య చాలా వాచీల్లో తేదీ చక్రానికి పళ్లు తగులుకుని ఉంటాయి. ఆ సమయంలో బలవంతంగా మారిస్తే పన్ను విరగొచ్చు. అయ్యాక క్రౌన్‌ను లోపలికి పూర్తిగా నొక్కండి. స్క్రూలా తిప్పి బిగించే రకమైతే బిగించండి.