కోసిన గంటలో వండుకునేవే ముందు పెట్టు

చిరంజీవి అమ్మాయికి, పిన్ని ఆశీస్సులు.

ఇంట్లో నాలుగు కూర మొక్కలు పెట్టుకుంటానన్నావు, సంతోషం. ఎలా పెట్టాలని అడిగావు గానీ, ముందు ఏవి పెట్టాలో తేలితే ఎలా అన్నది సగం తేలిపోతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఉల్లి, బంగాళాదుంప, క్యాబేజీ పెట్టి నీరుగారిపోతుంటారు. వాటికి చోటు ఎక్కువ కావాలి, నెలల తరబడి ఆగాలి, తీరా చేతికొచ్చాక కొన్నవాటికీ వీటికీ రుచిలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. అవి నిలవుండే సరుకు. ఇంటి పంట లాభమంతా కోతకూ కంచానికీ మధ్య సమయం తగ్గడంలోనే ఉంది. కోశాక ఏది త్వరగా గుణం కోల్పోతుందో దాన్నే ఇంట్లో పెట్టాలి. పచ్చి బఠాణీ గింజల్లో తీపి కోసిన దగ్గర్నుంచే పిండిపదార్థంగా మారిపోతూ ఉంటుంది. పాలకూరలో విటమిన్ సి బయట పెట్టిన కొద్దీ తగ్గిపోతుంది. దూరం పంపాల్సిన టమాటాను పచ్చిగా ఉండగానో, అడుగున కాస్త రంగు తిరిగినప్పుడో కోసేస్తారు. ఎరుపు దారిలో ఎక్కుతుంది గానీ చెట్టున పండిన కాయకుండే తీపీ, వాసనా అంతగా రావు.

డబ్బు మిగులుతుందని మాత్రం మొదలుపెట్టకు. కుండీలకూ మట్టికీ పెట్టింది మొదటి ఏడాది కూరల్లో తిరిగి రావడం కష్టం. కాస్తో కూస్తో మిగిలేది కొత్తిమీర, పుదీనా, ఆకుకూరల్లోనే. కట్ట కొంటే సగం వాడిపోతుంది, మొక్క ఉంటే కావలసిన నాలుగు రెమ్మలే తుంచుకుంటావు. అందుకని మొదటి ఏడాది కొత్తిమీర, పుదీనా, పాలకూర, బీన్స్, రెండు టమాటా మొక్కలు. అంతకంటే వద్దు. పది రకాలు పెడితే పదింటి జబ్బులూ ఒకేసారి నేర్చుకోవాల్సి వస్తుంది.

మొక్కలు కొనకముందే ఎండ చూసుకో. ఎండ కాసిన రోజున గంటకోసారి వెళ్ళి, నేరుగా వెలుగు ఎక్కడ పడుతోందో రాసిపెట్టుకో. కాయ కాసే మొక్కకు ఆరు నుంచి ఎనిమిది గంటల ఎండ ఉండాలి. ఆకుకూరలకు మూడు, నాలుగు గంటలు చాలు. ఎండ చాలని చోట టమాటా చావదు, సన్నగా పొడుగ్గా సాగి, ఆకులేసుకుని, కాయకుండా నీ ఓపిక తినేస్తుంది.

కుండీ చిన్నదైతే తర్వాత ఎంత చేసినా లాభం ఉండదు. టమాటాకు మొక్కకు 20 లీటర్ల కుండీ కావాలి. ఆకుకూరలకు లోతు 15 సెంటీమీటర్లున్నా సరిపోతుంది, వెడల్పు ముఖ్యం. అడుగున చిల్లులు తప్పనిసరి. రసాయనాలు పోసిన పాత డబ్బాలు ఎంత కడిగినా వాడొద్దు. తడిసిన 20 లీటర్ల కుండీ పాతిక కిలోల దాకా తూగుతుంది కాబట్టి మేడ మీద పెడితే నడిమధ్యన గుంపుగా కాకుండా, కింద గోడలున్న చోట వరసగా సర్దు.

మట్టి ఒక్కటే నింపితే కుండీలో గట్టిపడి వేళ్ళకు గాలి ఆడదు. రెండు పాళ్ళు మట్టి, రెండు పాళ్ళు బాగా మాగిన కంపోస్టు, ఒక పాలు కొబ్బరి పొట్టు కలుపు. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉండొచ్చు, రెండుసార్లు నీళ్ళలో నానబెట్టి పిండి వాడు. పచ్చి పేడ వెయ్యకు. వేళ్ళు మాడతాయి, పైగా పచ్చిగా తినే ఆకుల మీదికి రోగకారక క్రిములు చేరతాయి.

ఇక నీళ్ళు. ఇంటి మొక్కలు చాలాసార్లు చీడపీడల వల్ల కాదు, నీళ్ళు అతిగా పొయ్యడం వల్లే పోతాయి. రోజూ ఇన్ని నీళ్ళని లెక్క పెట్టుకోకు. వేలు రెండో కణుపు దాకా మట్టిలోకి దింపు. అక్కడ తడి తగిలితే ఆగు, పొడిగా ఉంటే అడుగు చిల్లుల్లోంచి కారేదాకా పొయ్యి. కింది పళ్ళెంలో నిలిచిన నీళ్ళు అరగంటలో పారబొయ్యి. మట్టి తడిగా ఉండి కూడా ఆకు వేలాడుతుంటే దాహం కాదది, వేళ్ళకు ఊపిరాడటం లేదు. అప్పుడు చూడగానే ఇంకో చెంబు పోస్తారు, మొక్క ప్రాణం తీసేది ఆ చెంబే. మిట్టమధ్యాహ్నం వాలి, సాయంత్రానికి లేచి నిలబడే ఆకు గురించి కంగారు పడనక్కర్లేదు. ఇంకో సంగతి. బాగా ఎండిన మట్టి కుండీ అంచుల నుంచి విడిపోతుంది. పైన పోసిన నీళ్ళు ఆ సందులోంచి జారి నిమిషంలో కిందికొచ్చేస్తాయి, నడిమి మట్టి మాత్రం పొడిగానే ఉంటుంది. అలాంటప్పుడు కుండీని నీళ్ళ తొట్టిలో అరగంట కూర్చోబెట్టు, కింది నుంచి పీల్చుకుంటుంది.

విత్తనాన్ని దాని మందానికి రెండు మూడింతల లోతులో వెయ్యి, అంతకంటే దిగువన పడితే సన్న గింజలు పైకి రాలేవు. ధనియంలో రెండు గింజలుంటాయి. చేత్తో నలిపి రెండు బద్దలు చేసి, సెంటీమీటరు లోతున చల్లు. వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తుంది. కొత్తిమీర నారు తీసి నాటితే నిలదొక్కుకోదు, ఎండ ముదిరితే పూతకు పోతుంది. అందుకే ఒకేసారి అంతా వెయ్యక, రెండు మూడు వారాలకోసారి కొంచెం కొంచెం వేస్తూ ఉండు. పుదీనాకు విత్తనం అక్కర్లేదు, పది సెంటీమీటర్ల కాడ నీళ్ళలో పెడితే వారం పది రోజుల్లో వేళ్ళు వస్తాయి. దాన్ని వేరే కుండీలోనే ఉంచు, పక్కనున్నవాటిని తొక్కేస్తుంది. పాలకూరను అడుగు నుంచి మూడు సెంటీమీటర్లు వదిలి కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. బీన్స్‌కు ఎరువు ఎక్కువ వద్దు, నత్రజనిని అది తన వేరుబుడిపెల్లోని సూక్ష్మజీవుల ద్వారా తనే సంపాదించుకుంటుంది.

మొలకలు మట్టి దగ్గర సన్నబడి పడిపోతే అది నారుకుళ్ళు. నీళ్ళు ఎక్కువై, గాలి ఆడక, మట్టిలోని బూజు క్రిముల వల్ల వచ్చే తెగులు. పడినవి లేవవు. మిగతావాటికి పైపైన తడి తగ్గించి గాలి తగలనివ్వు.

టమాటా గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ ఆశపెట్టుకునేది, అందరినీ ఏడిపించేది అదే. నారు జానెడు ఎత్తు అయ్యాక, వారం రోజులు రోజుకు గంటో రెండు గంటలో పెంచుతూ ఎండకు అలవాటు చెయ్యి. నాటేటప్పుడు కింది ఆకులు తుంచేసి కాండంలో సగం పైగా మట్టిలో పూడ్చు. పూడ్చిన కాండం పొడవునా వేళ్ళు పుడతాయి. చాలా మొక్కల్లో ఇలా చేస్తే కాండం కుళ్ళొచ్చు, టమాటాలో కలిసొస్తుంది. ఊతకర్ర నాటిన రోజే పాతు, తర్వాత పాతితే వేళ్ళు తెగుతాయి.

పూత వచ్చి రాలిపోతోందంటే ముందు వాతావరణం చూడు. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి 24 డిగ్రీల కంటే దిగకపోయినా, 13 కంటే పడిపోయినా పుప్పొడి పనిచెయ్యదు. దానికి మందు లేదు, ఆగడమే. వాతావరణం బాగుండి కూడా పిందె పడకపోతే గాలి ఆడని మూలలో ఉందన్నమాట. పొద్దున పూట పూల గుత్తి కాడను వేలితో టకటకా తట్టు. పువ్వు లోపల పసుపు గొట్టంలోని పుప్పొడి అదే పువ్వు కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే ఆడభాగం కొస మీద పడుతుంది. ఆకులు ముదురాకుపచ్చగా గుబురుగా ఉండి పువ్వే లేకపోతే నత్రజని ఎక్కువైంది, ఎరువు ఆపు.

కాయ అడుగున నల్లటి పల్లపు మచ్చ వస్తే తెగులనుకుని మందు కొట్టకు. కాయకు కాల్షియం అందడం లేదన్నమాట. చాలాసార్లు మట్టిలో అది ఉంటుంది, ఒకరోజు ఎండగట్టి ఇంకోరోజు ముంచెత్తడం వల్ల నీళ్ళతో పాటు కాయదాకా చేరదు. మట్టి మీద అయిదు సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు పరిచి, తడి ఒకేలా ఉండేట్టు చూడు. కాయలు పగలడానికీ చాలాసార్లు కారణం తడి ఇలా హెచ్చుతగ్గులు కావడమే. కింది ముదురాకులు మాత్రమే చుట్టుకుంటే ఎండకో, నీటి ఒత్తిడికో అనుకోవచ్చు. కొత్త చిగుళ్ళు ముడుచుకుని, చిన్నబోయి, పసుపు తిరిగితే తెల్లదోమ తెచ్చిన వైరస్ అయ్యుండొచ్చు, ఆ మొక్కను మొహమాటం లేకుండా పీకి పారెయ్యి. పండ్లు కోశాక ఫ్రిజ్‌లో పెట్టకు, 12 డిగ్రీల కంటే చల్లబడితే ఇంత కష్టపడి సంపాదించిన వాసన పోతుంది.

పురుగుల కోసం వారానికి రెండుసార్లు ఆకు తిప్పి అడుగు భాగం చూడు. పేనుబంక కనిపిస్తే ముందు నీళ్ళ ధారతో కడిగెయ్యి, చాలాసార్లు అంతే సరిపోతుంది. తగ్గకపోతే లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నూనె కలవడానికి కొద్దిగా ద్రవ సబ్బు కలిపి, ఒక ఆకు మీద చల్లి మర్నాటిదాకా చూసి, బాగుంటే సాయంత్రం పూట ఆకు అడుగులు తడిసేలా కొట్టు. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

బీన్స్ రెండు రోజులకోసారి కోస్తూ ఉండాలి. కాయలు గింజ కట్టి ముదిరితే, పని అయిపోయిందని మొక్క పూత తగ్గించేస్తుంది. చేతినిండా రాలేదని ఆగకు, నాలుగే వచ్చినా కొయ్యి. కాపు అయ్యాక మొక్కను పీకక, మొదలు దగ్గర కత్తిరించి వేళ్ళు మట్టిలోనే వదులు.

టమాటా తీసిన మట్టిలో మళ్ళీ టమాటా గానీ, దాని కుటుంబమే అయిన వంగ, మిరప గానీ పెట్టకు, వీటి తెగుళ్ళు చాలావరకు ఒకటే. బీన్సో ఆకుకూరో వెయ్యి. వెయ్యబోయే ముందు నాలుగో వంతు కొత్త కంపోస్టు కలుపు.

ఎండ లెక్క రాసి పంపు. కుండీలు ఎన్ని కావాలో, ఏది ఎక్కడ పెట్టాలో అది చూసి చెబుతాను. అప్పటిదాకా ఏమీ కొనకు.

నీ పిన్ని