లోహం ఎటు పోయిందో రాయి

అమ్మాయీ,

ధ్రువ ప్రాంతాల్లో విషపు లోహాల్ని తట్టుకుని బతికే బ్యాక్టీరియా మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. చదివించేలా ఉంది, కానీ "పాదరసాన్ని తిని నాశనం చేసే సూక్ష్మజీవులు" అన్న వాక్యం ముందు కొట్టెయ్. పాదరసం మూలకం, దాన్ని ఏ జీవీ నాశనం చేయలేదు. మెర్‌ఎ అనే ఎంజైము ఉన్న బ్యాక్టీరియా చేసేదల్లా పాదరసపు విషపు అయాన్‌ని, అంటే విద్యుదావేశం ఉన్న రూపాన్ని, తేలిగ్గా ఆవిరయ్యే పాదరసంగా మార్చడం, దాంతో అది గాల్లోకి పోతుంది, బ్యాక్టీరియా బతికిపోతుంది. మరి ఆ పాదరసం? ఆర్కిటిక్‌లో వసంతం వచ్చి సూర్యుడు మళ్లీ కనిపించగానే, సముద్రపు మంచు వైపు నుంచి వచ్చే బ్రోమిన్ గాల్లోని పాదరసాన్ని ఆక్సీకరించి మంచు మీదకి దించేస్తుంది. కెనడాలోని అలర్ట్‌లో 1995లో పట్టుకున్నారు ఈ సంగతి. దిగినదాంట్లో కొంత ఎండకే తిరిగి పైకి లేస్తుంది. నీ బ్యాక్టీరియా ఈ రాకపోకల మధ్యలో కూర్చుని ఉంది, అసలు కథ అదే, నువ్వేమో ఒక్క ముక్కలో దాటేశావు. కాడ్మియం, జింక్ సంగతీ అంతే, ఎక్కువగా పంపులతో కణం బయటికి తోసేయడమే. బయట అలాగే ఉంటాయి.

లోహాల్ని తట్టుకోవడం గురించి "కాలుష్యం వల్లే ఈ శక్తి వచ్చింది" అని అంత గట్టిగా ఎలా రాశావు? అంటార్కిటికాలో మెక్‌మర్డో అనే పరిశోధన స్టేషన్ పక్కనున్న వింటర్ క్వార్టర్స్ బే కలుషితమైన మాట నిజమే. కానీ అదే రాస్ దీవి మీద ఎరెబస్ అగ్నిపర్వతం కూడా లోహాలు వెదజల్లుతూనే ఉంది కదా! రాళ్లు అరిగినా లోహాలు వస్తాయి. లోహాల్ని తట్టుకునే జన్యువులు మనుషులు పుట్టకముందు నుంచీ ఉన్నవి. మనిషి అడుగుపెట్టని చోటి మట్టితో పోల్చి చూశారా అని పరిశోధకుల్ని అడుగు, పోల్చకపోతే ఆ మాటే రాయి.

ఏ బ్యాక్టీరియా ఎంత లోహాన్ని తట్టుకుంటుందో చెప్పే అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త. పెప్టోన్ (ప్రొటీన్ ముక్కలు) దండిగా ఉన్న మీడియంలో, అంటే బ్యాక్టీరియాని పెంచే పోషకాల మిశ్రమంలో, రాగి చాలావరకు దానికే అంటుకుపోతుంది, అందుకని అదే బ్యాక్టీరియా అక్కడ మహా మొండిదానిలా కనిపిస్తుంది. ఏ మీడియంలో, ఎన్ని డిగ్రీల దగ్గర పెంచారో తెలియకుండా రెండు ప్రయోగాల అంకెల్ని పక్కపక్కన పెట్టకు.

వైవిధ్యం పేరా పర్వాలేదు. ల్యాబ్‌లో ప్లేటు మీద మొలిచినవి చాలా కొన్నే, మిగతావి డీఎన్ఏ చదివితేనే తెలుస్తాయి అని ఒక్క వాక్యం కలుపు, చాలు.

లోహాల్ని, యాంటీబయోటిక్స్‌ని తట్టుకునే జన్యువులు కొన్నిసార్లు ఒకే ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం) మీద ఉంటాయని ఎక్కడో చివర్లో పడేశావు, దాన్ని పైకి తీసుకురా. శీర్షిక గురించి టెన్షన్ పడకు, డెస్క్ వాళ్లు ఎలాగూ మారుస్తారు.